జరగని కుస్తీలు, జరగనివ్వని కుస్తీలు

భీముడికీ రుస్తుంకూ కుస్తీ పెడితే గెలిచేది ఎవరు? ఉర్దూ, తెలుగు రెండు భాషలూ వినిపించే ఇళ్లలో పెరిగిన పిల్లలు ఏదో ఒక రాత్రి పెద్దవారిని ఈ ప్రశ్న అడగక మానరు. ఒకడు వ్యాసభారతంలోని వీరుడు. రెండవవాడు ఫిరదౌసి రచించిన షానామాలోని వీరుడు. జాషువ మహాకవి కావ్యం వ్రాసిన పుణ్యాన ఫిరదౌసి తెలుగువారికి పరాయివాడు కాడు. భీముని చేత గద, రుస్తుం చేతిలోనూ గదే. ఇద్దరి ఆకలీ కథలకెక్కినదే. వారి నడుమ అడ్డుగా ఉన్నవి దేశం, కాలం, కవి. పెద్దవారు "పడుకో నాయనా, పొద్దుపోయింది" అని దీపం తగ్గిస్తారు. ప్రశ్న మాత్రం తగ్గదు.

మనిషి పెరిగే కొద్దీ ఆ ప్రశ్నలో పేర్లు మారతాయి, అంతే. ఒకరికి ఇద్దరు క్రికెటు ఆటగాళ్లు, ఇంకొకరికి ఇద్దరు గాయకులు, మా వంటి వారికి ఇద్దరు కవులు. కలుసుకోని ఇద్దరిని ఊహలో కలిపి, తగవు పెట్టి, తీర్పు చెప్పడంలో ఒక ఆనందం ఉంది. అది నిరపాయకరమైన ఆనందమని లోకం అనుకుంటుంది. చాలవరకు నిజమే. ఐతే ఆ ఆనందం చాటున ఒక నిజమైన అన్యాయం కంటబడకుండా దాగి ఉంటుందని మాకు ఈ మధ్య తోచింది. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

ఈ సంవత్సరం మా విద్యార్థుల నడుమ ఈ చర్చ మహమ్మద్ ఆలీ, మైక్ టైసన్‌ల రూపంలో మొదలైంది. 1974 నాటి ఆలీ, 1988 నాటి టైసన్ ఒకే బరిలోకి దిగితే ఎవరు నిలుస్తారు? ఆలీ పాదాల వేగం ఒక పక్షం, టైసన్ పిడికిలి బరువు ఒక పక్షం. వారం తిరగకుండానే చర్చ సముద్రాలు దాటి స్వదేశం చేరింది. వీరఘట్టంలో జన్మించి మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు పేరు తెచ్చిన కోడి రామ్మూర్తి నాయుడుకూ, పంజాబు గడ్డ కన్న గామా పహిల్వానుకూ కుస్తీ జరిగి ఉంటే? అక్కడికి వచ్చేసరికి గొంతుల ధోరణి మారింది. అంతవరకు నవ్వుతూ వాదించుకున్నవారు కొందరు ముఖాలు బిగించారు. ఒక సాయంకాలం ఇరుపక్షాలవారూ మా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మీరు ఎవరి పక్షం?" అని అడిగారు. అడిగిన కుర్రవాని కళ్లలో కుస్తీని గురించిన కుతూహలం కొంత, మా పేరును గురించిన కుతూహలం కొంత కనిపించాయి. తెలుగు పాఠం చెప్పే ముస్లిం ఉపన్యాసకుడు ఎటు మొగ్గుతాడో చూడాలని వారి ముచ్చట కాబోలు.

బలాబలాలు తూచడం మా వృత్తి కాదు. మాటలు తూచడం మా వృత్తి. ఐనా అడిగినవారు మా విద్యార్థులు కనుక, ఆలోచించి చెబుతామన్నాము. ఈ వ్యాసం ఆ బాకీకి చెల్లింపు.

కాలాలు వేరైన మల్లుల పోటీని జరిపించి చూపుతామని కొందరు నిజంగానే పూనుకున్న ఉదంతం ఒకటి కలదు. అమెరికాలో మయామీ నగరానికి చెందిన మర్రీ వొరోనర్ అనే నిర్మాత 1967లో పాత కొత్త హెవీవెయిట్ ఛాంపియన్ల వివరాలన్నీ కంప్యూటరుకు అందించి, అది తేల్చిన ఫలితాలను నిజమైన పోటీల వలె రేడియోలో ప్రసారం చేయించాడు. ఆ లెక్కలో ఆలీ, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల వీరుడైన జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు. యంత్రం చేతిలో తన కీర్తికి భంగం కలిగిందని ఆలీ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. ఆ తగవు రాజీకి వచ్చిన మీదట ఇంకొక విచిత్రం జరిగింది. ఆడిన 49 పోటీలలో 49 గెలిచి, ఒక్క ఓటమీ లేకుండా 1956లో విరమించిన రాకీ మార్సియానో, ఆలీ ఇద్దరూ 1969లో కెమెరా ఎదుట నిలిచి, ఒక్కొక్క నిమిషం చొప్పున డెబ్భై దాకా రౌండ్లు అభినయించారు. మార్సియానో వయసు అప్పటికి 45. ఒళ్లు తగ్గించుకొని, పలచబడిన తలపై విగ్గు పెట్టుకొని వచ్చాడు. ముగింపులు అనేకం చిత్రీకరించారు. 1970 జనవరి 20న ఆ చిత్రం ప్రదర్శించినప్పుడు అమెరికా ప్రేక్షకులు 13వ రౌండులో ఆలీ కూలిపోవడం చూశారు. ఐరోపాలో చూపిన ప్రతిలో ఆలీయే గెలిచాడు. మార్సియానో ఏ ముగింపునూ చూడలేదు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు.

ఈ ఉదంతంలో గమనించవలసినది ఒకటుంది. సముద్రానికి ఒక తీరాన ఒకడు గెలిచాడు, రెండవ తీరాన రెండవవాడు గెలిచాడు. ప్రేక్షకుడు మారితే విజేత మారాడు. మన వరండాలో జరిగే చర్చ కూడా ఇటువంటిదే. మల్లుల బలాన్ని కొలుస్తున్నామని మనం అనుకుంటాము. అక్కడ కొలతకు వచ్చేది మన అభిమానం.

ఇక నియమాల సంగతి. మార్సియానో బరిలోకి దిగిన నాటి బరువు సుమారు 185 పౌండ్లు. 1974లో కిన్షాసా నగరంలో జార్జ్ ఫోర్‌మన్‌తో తలపడిన నాటి ఆలీ బరువు 216 పౌండ్లు పైచిలుకు. నేటి తరగతుల ప్రకారం మార్సియానో హెవీవెయిట్ కంటె కింది తరగతికి చెందుతాడు. ఆలీ కాలంలో ప్రపంచ బిరుదు పోటీకి 15 రౌండ్లు. తరువాతి కాలంలో 12. ఇరవయ్యేళ్ల ప్రాయంలోనే 1986లో ఛాంపియన్ ఐన టైసన్ తొలి రౌండ్లలోనే పని ముగించే రకం. ఆలీ చివరి రౌండ్ల దాకా ఎదుటివానిని అలయనిచ్చే రకం. పన్నెండా పదిహేనా అన్న ఒక్క అంకె ఆ కుస్తీ ఫలితాన్ని తారుమారు చేయగలదు. ఎవరి నియమాల కింద అని అడగకుండా ఎవరు గెలుస్తారని అడగడం, పద్యం ఏ ఛందస్సులో ఉందో చెప్పకుండా యతి తప్పిందని తీర్పు చెప్పడం వంటిది.

రామ్మూర్తి, గామాల సంగతి ఇంతకంటె చిక్కు. వీరిని విడదీసినది కాలం కానే కాదు. గులాం మహమ్మద్ బక్ష్ అనే అసలు పేరు గల గామా 1878లో జన్మించాడు. రామ్మూర్తి జననం 1880 దశకపు తొలి సంవత్సరాలలో. ఇద్దరూ ఒకే ప్రభుత్వం కింద, ఒకే దేశపు ఎండలో బ్రతికారు. వారిని విడదీసినది వారి వారి విద్య.

రామ్మూర్తి విజయనగరంలో బంధువుల ఇంట పెరిగి, అక్కడి తాలింఖానాలలో సాము నేర్చి, మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, తాను చదివిన విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశాడు. తరువాత సర్కసు కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. ఊపిరి బిగబట్టి, రొమ్ముకు చుట్టిన ఉక్కు గొలుసును తెంచడం, రెండు వైపులా లాగే మోటారు కార్లను కదలనీయక నిలపడం, రొమ్ముపై ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రదర్శనలు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి ఆయన బలానికి అబ్బురపడి ఇండియన్ హెర్క్యులస్ అన్నాడని ప్రసిద్ధి. మన వారికి మాత్రం ఆయన కలియుగ భీముడు. అటువంటి దేహానికి చివరి రోజులలో ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. ఒడిశాలోని బలంగీరులో 1942 జనవరిలో ఆయన కన్నుమూశాడు. ఆ జనవరి నెలలోనే అమెరికాలోని లూయీవిల్ నగరంలో మహమ్మద్ ఆలీ పుట్టాడు. ఆలీని ప్రపంచం వేయి కెమెరాలతో చూసింది. రామ్మూర్తిని చూసినవారు మాటలలో చెప్పగా మనం వింటున్నాము.

గామా విద్య వేరు. ఆయన ఎదుట ఎప్పుడూ మనిషి నిలబడ్డాడు. 1910లో ఆయన లండను వెళ్లినప్పుడు ఎత్తు చాలదన్న మిషతో మొదట అక్కడి పోటీలలో చోటు దొరకలేదంటారు. పట్టుపట్టి సవాళ్లు విసిరి, ఆగస్టులో అమెరికా మల్లుడు డాక్టర్ రోలర్‌ను ఓడించాడు. సెప్టెంబరు 10న పోలండు మల్లుడు జిబిస్కోతో తలపడితే, ఆయన చాపను కరుచుకొని రెండున్నర గంటలు లేవలేదు. పోటీ తేలలేదు. వారం తరువాత తిరిగి జరగవలసిన పోటీకి జిబిస్కో రానే లేదు. ఆ ఇద్దరే 1928 జనవరిలో పటియాలాలో మళ్లీ తలపడ్డారు. అప్పుడు ఒక్క నిమిషంలోపునే గామా గెలిచాడు.

చిత్తగించండి. ఒకే ఇద్దరి నడుమ 1910లో రెండున్నర గంటలకు తేలనిది 1928లో ఒక్క నిమిషంలో తేలింది. నిజంగా తలపడిన ఇద్దరి విషయంలోనే రెండు జవాబులున్నప్పుడు, ఎన్నడూ తలపడని ఇద్దరి విషయంలో ఒక్క జవాబు ఎలా దొరుకుతుంది? పైగా రామ్మూర్తి ప్రత్యర్థులు ఇనుము, ఏనుగు, మోటారు. గొలుసు పట్టు మార్చదు, మోసం చేయదు, చాపను కరుచుకొని పడుకోదు. గామా ప్రత్యర్థి ఇవన్నీ చేస్తాడు. గామాను ఏనుగు కింద పడుకోబెట్టి ఓడిపోయాడనడం ఎంత న్యాయమో, రామ్మూర్తిని జిబిస్కో మీదికి తోలి ఓడిపోయాడనడం కూడా అంతే న్యాయం.

ఇక ఎవరి పక్షం అన్న ప్రశ్నకు వద్దాము. దీనికి మేము తెలుగు మాస్టారుగానే జవాబు చెప్పగలము. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో బలశాలిని ఏమంటారు? వస్తాదు అంటారు. అది ఉస్తాదు అనే పారశీక పదం. గురువు అని అర్థం. ఆ వస్తాదు శిష్యులకు సాము నేర్పే చోటు తాలింఖానా. తాలీము అంటే చదువు, శిక్షణ, అది అరబ్బీ. ఖానా అంటే గృహం, అది పారశీకం. నేర్చేది కుస్తీ, అదీ పారశీకమే. పహిల్వాను సంగతి చెప్పనే అక్కరలేదు. ఐతే ఆ తాలింఖానాలో తిప్పేది కర్రసాము. అది అచ్చ తెలుగు. దిగేది బరిలోకి, అదీ తెలుగే. దిగినవాడు మల్లుడు, ఆ మాట సంస్కృతం. కోడి రామ్మూర్తి కీర్తిని నాలుగు వాక్యాలలో చెప్పబోయిన తెలుగువాడు ఉర్దూ మాటలు వాడక తప్పదు. మన తాతలు బలానికి మతం అడగలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. శాసనం చెరిగిపోవచ్చును, వాడుకలో ఉన్న మాట చెరగదు.

గామా వైపు నుంచి చూచినా కథ ఇదే. ఆయన దతియా హిందూ సంస్థానాధీశుని ఆదరణలో పెరిగాడు. ఆయనను లండను పంపడానికి ఖర్చు భరించినవాడు బెంగాలీ ధనికుడు. జిబిస్కోను ఓడించినది సిక్కు మహారాజు ఏర్పాటు చేసిన బరిలో. దేశ విభజన నాడు లాహోరులో తన వీధిలోని హిందూ కుటుంబాలకు అడ్డుగా నిలిచి కాపాడాడని ప్రసిద్ధి. దేశం ఆయనకు ఇచ్చిన బిరుదు రుస్తుమె హింద్. లోకం ఇచ్చినది రుస్తుమె జమానా. ఒకరు కలియుగ భీముడు, ఒకరు యుగపు రుస్తుం. పిల్లలు అడిగే ప్రశ్నలోని ఇద్దరూ ఈ దేశంలో ఒకే కాలంలో నడిచారన్నమాట. ఇద్దరూ మనవారే. ఈ మాట మధ్యవర్తిత్వం కోసం చెప్పడం లేదు. మేము వాడే నిఘంటువు చెప్పించిన మాట ఇది.

ఇంతవరకు జరగని కుస్తీల సంగతి. జరగని కుస్తీ వల్ల ఎవరికీ నష్టం లేదు. జరగడానికి వీలుండి కూడా జరగనివ్వని కుస్తీలు వేరే ఉన్నాయి. నష్టమంతా అక్కడ ఉంది.

గామా అమెరికా ఛాంపియన్ ఫ్రాంక్ గాచ్‌ను, ఐరోపాలో ప్రసిద్ధుడైన హాకెన్‌ష్మిత్‌ను పోటీకి కోరాడు. ముగ్గురూ ఒకే కాలంవారు, ఓడలున్నాయి, బరులున్నాయి. పోటీ మాత్రం జరగలేదు. బాక్సింగులో ఇంతకంటె ఘోరం. 19వ శతాబ్దపు ప్రసిద్ధ ఛాంపియన్ జాన్ సల్లివాన్ నల్లజాతివారితో తలపడనని బహిరంగంగానే ప్రకటించాడు. జాక్ జాన్సన్ అనే నల్లజాతి మల్లుడు ఆ గీత దాటడానికి 1908 డిసెంబరు దాకా వేచి, ఆస్ట్రేలియాలోని సిడ్నీకి వెళ్లి టామీ బర్న్స్‌ను ఓడించవలసి వచ్చింది. అప్పుడు తెల్లవారి మానం కాపాడమని, ఆరేళ్లుగా విశ్రాంతి తీసుకుంటున్న జెఫ్రీస్‌ను బ్రతిమాలి తెచ్చారు. 1910 జూలై 4న రీనో పట్టణంలో 15వ రౌండులో జాన్సన్ అతనిని ఓడించాడు. యంత్రంలో ఆలీని ఓడించిన జెఫ్రీస్ ఇతడే సుమా.

ఆలీ సంగతి అందరికీ తెలిసినదే. వియత్నాం యుద్ధానికి రానని 1967 ఏప్రిల్‌లో నిరాకరించిన పాపానికి బిరుదు పోయింది, ఆడే అనుమతి పోయింది. తిరిగి బరిలోకి వచ్చేసరికి 1970 అక్టోబరు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు ఆయన శిక్షను కొట్టివేసింది. కానీ పాతికేళ్ల నుంచి ఇరవై ఎనిమిదేళ్ల దాకా మల్లుని దేహం వికసించే ఆ మూడున్నర సంవత్సరాలను ఏ కోర్టు తిరిగి ఇవ్వగలదు? ఆలీ గొప్పా టైసన్ గొప్పా అని వాదించేవారు, ఆలీని ఆలీయే చేరుకోలేకపోయిన ఆ సంవత్సరాల ఆలీని ఒకసారి తలచుకొనడం మంచిది.

మన ప్రాంతానికి వస్తే ఈ మాట ఇంకా లోతుగా తగులుతుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. స్వర్ణానికీ ఆమెకూ తేడా రెండున్నర కిలోలు. అంతకు ముందే 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచ ఛాంపియన్. రామ్మూర్తి, మల్లీశ్వరి ఒక్క గడ్డ బిడ్డలు కదా, ఎవరు బలవంతులు అని ఒక విద్యార్థి చమత్కారంగా అడిగాడు. చమత్కారం పక్కనపెడితే ఆ పోలికలో ఒక కఠినమైన నిజం ఉంది. స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చినదే ఆ 2000 సంవత్సరంలో. స్త్రీల బాక్సింగు వచ్చినది 2012లో. రామ్మూర్తి గొలుసులు తెంచుతున్న రోజులలో ఈ నాగావళి, వంశధార నదుల నడుమ పొలాలలో వడ్లబస్తాలు మోసిన స్త్రీలలో, రోకళ్లు ఎత్తిన స్త్రీలలో ఒక మల్లీశ్వరి లేదని ఎవరు చెప్పగలరు? ఆమె పేరు లేదు, తూకం లేదు, బిరుదు లేదు. రామ్మూర్తికి సమ ఉజ్జీ ఎవరని వెదికేవారు గామా దాకా పోనక్కరలేదేమో. ఆమెకు బరి చూపినవారు లేరు, అంతే. బరి చూపిన చోట ఏమవుతుందో విజయనగరం జిల్లా కొండవెలగాడ చెప్పింది. ఆ పల్లెటూరి నుంచి వెళ్లిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో రజతం అందుకొన్నది.

కాలాలు వేరైన ఇద్దరు విజేతలు నిజంగా ఎదురుపడిన ఘట్టం ఒకటి మన కళ్ల ముందే జరిగింది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ ఐన మణిపురి వీరవనిత మేరీ కోం ఒకరు. నిజామాబాదులో 1996లో పుట్టిన తెలుగు నేల బిడ్డ నిఖత్ జరీన్ ఒకరు. మేరీ కోం తన తొలి ప్రపంచ స్వర్ణం గెలిచిన 2002 నాటికి నిఖత్ ఆరేళ్ల పిల్ల. మేరీ కోంను చూసి స్ఫూర్తి పొందినవారిలో ఆమె ఒకతె. పొట్టి దుస్తులు వేసుకొని ఆడే ఆట ఆడపిల్లకు ఎందుకని బంధువులు ఆక్షేపించినా తండ్రి జమీల్ అహ్మద్ వెనుకంజ వేయలేదు. 2011లోనే ఆమె టర్కీలో జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచింది. 2019లో ఇద్దరూ 51 కిలోల విభాగంలో ఉన్నారు. ప్రపంచ పోటీలకు ఎంపిక పోటీ లేకుండానే మేరీ కోం పేరు ఖాయమైంది. ఒలింపిక్ అర్హత పోటీలకైనా న్యాయంగా ఎంపిక పోటీ జరపండని నిఖత్ ఆ అక్టోబరులో కేంద్ర క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ వ్రాసింది. ఆరు స్వర్ణాల రాణిని సవాలు చేయడానికి ఈ పిల్ల ఎవరని అడిగినవారు అడిగారు. చివరకు 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఎంపిక పోటీ జరిగింది. మేరీ కోం 9–1 తేడాతో గెలిచింది.

అభిమానులు ఇద్దరూ పతాకస్థాయిలో ఉన్నప్పుడు తలపడితే ఎవరు గెలుస్తారని ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ డిసెంబరు పోటీ దానికి జవాబు కాదు. ఒకరి సూర్యుడు పడమట వాలుతున్నాడు, ఒకరి సూర్యుడు ఇంకా మబ్బులలో ఉన్నాడు. కానీ ఆ పోటీ అంతకంటె విలువైనది ఒకటి ఇచ్చింది. పెద్దపేరు ముందు కూడా అందరికీ ఒకే బరి అన్న న్యాయం నిలబడింది. మేరీ కోం తన స్థానాన్ని పేరుతో కాక పిడికిలితో నిలుపుకున్నది. అది ఆమెకూ గౌరవమే. నిఖత్ ఓడింది, కానీ దేనిలో ఎంత వెనుకబడి ఉన్నదో తెలుసుకొని ఇంటికి వెళ్లింది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో థాయిలాండు బాక్సరు జిత్‌పాంగ్ జుతామాస్‌ను 5–0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ ఐంది. ఆ ఏడే బర్మింగ్‌హాం కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండవ ప్రపంచ స్వర్ణం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సరు వూ యూ చేతిలో ఓడింది. గెలిచినా ఓడినా అవి జరిగిన పోటీలు. వాటిపై వాదించడానికి ఊహ అక్కరలేదు.

ఈ మాటలన్నీ మా విద్యార్థులకు చెప్పిన మరునాడు ద్వితీయ సంవత్సరం చదివే ఒక అమ్మాయి తరగతి ముగిశాక ఆగి, "మాస్టారూ, మాకు సెలక్షన్స్ ఎప్పుడు పెడతారు?" అని అడిగింది. మా వద్ద జవాబు లేదు. మన వార్షిక క్రీడోత్సవంలో బాలురకు కబడ్డీ, వాలీబాల్, పరుగులు ఉన్నాయి. బాలికలకు ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్, చెంచాలో నిమ్మకాయ పరుగు ఉన్నాయి. ఎవరూ బాలికలను రావద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. బరి లేకపోవడానికి ఎల్లప్పుడూ శత్రువు అక్కరలేదు; ఎవరికీ తోచకపోవడం చాలు.

దుస్తుల సంగతి ఏమిటని, ఇళ్లలో ఒప్పుకోరని కొందరు పెద్దలు అనవచ్చును. ఆ సంకోచాన్ని మేము తేలికగా చూడము. మేమూ ఆ ఇళ్లలోనివారమే. ఐతే లోకం ఈ ప్రశ్నను దాటి వచ్చింది. పాకిస్తానీ సంతతికి చెందిన అమెరికా లిఫ్టర్ కుల్సూం అబ్దుల్లా నిండు దుస్తులతో పోటీ చేస్తానని కోరగా, 2011లో అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య నియమాన్నే సవరించి అందరికీ అనుమతి ఇచ్చింది. 2019లో అంతర్జాతీయ బాక్సింగు సంఘం హిజాబుకు ఒప్పుకున్నది. అంతర్జాతీయ సంఘాలు ఒప్పుకున్నదానికి మన క్రీడాస్థలం అభ్యంతరం చెప్పనక్కరలేదు. తలకు గుడ్డ కట్టుకొని వచ్చే అమ్మాయికీ, కట్టుకోకుండా వచ్చే అమ్మాయికీ తూకపు రాళ్లు ఒకటే.

కనుక కళాశాల పాలక సంఘం పెద్దలకు మా మనవి. రానున్న విద్యా సంవత్సరం మొదటి నెలలోనే ఎంపిక పోటీల తేదీలను ఉర్దూ, తెలుగు రెండు భాషలలో నోటీసు బోర్డుపై ప్రకటించండి. బాలురకూ బాలికలకూ వేర్వేరు వేళలు కేటాయించండి; బాలికలకు ఒక మహిళా శిక్షకురాలిని నియమించండి. సిఫారసులు, గత సంవత్సరపు కప్పులు, ఇంటి పేర్లు లెక్కకు రాకుండా, ఎత్తిన బరువు, పరుగెత్తిన కాలం మాత్రమే లెక్కకు వచ్చేటట్లు చూడండి. పెద్ద ఖర్చు కాదు. ఒక బరువుల సెట్టు, ఒక చాప, ఒక రిజిస్టరు.

విద్యార్థి మిత్రులారా, మీ చర్చలు మానమని మేము అనము. ఆలీ, టైసన్‌ల కుస్తీని వరండాలో ఎన్నిసార్లైనా జరిపించండి. దానివల్ల ఎవరి ఎముకా విరగదు. రామ్మూర్తి, గామాల దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం, ఆ ఇద్దరినీ వస్తాదులని ఒకే మాటతో పిలిచిన మీ తాతలను తలచుకోండి. ఆ తరువాత మీ పక్క బల్లపై కూర్చున్నవారిలో ఎవరికి బరి దొరకలేదో చూడండి. వారికోసం అడగండి. నిఖత్‌కు ఆ డిసెంబరులో దక్కినది 9–1 ఓటమి. ఆ ఓటమి కూడా అడిగితేనే దక్కింది. మాకు సెలక్షన్స్ ఎప్పుడని అడిగిన ఆ అమ్మాయి రేపు గెలుస్తుందో ఓడుతుందో మేము ఎరుగము. ఆమె గెలుస్తుందని ఇక్కడ జోస్యం చెప్పడం కూడా ఒక ఊహా కుస్తీయే అవుతుంది. రిజిస్టరులో మొదటి పేరు ఆమెది వ్రాసుకోవలసిందని మాత్రం పాలక సంఘాన్ని కోరుతున్నాము.